విత్‌డ్రా అనేముందు ఒక్కమాట, చెల్లీ

చెల్లీ, మన అణైకట్, గుడియాత్తం వైపు బతుకంతా మూడు భాషల్లో నడుస్తుంది కదా. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కాగితం మీద ఇంగ్లీషు. ఆ కాగితాల్లోంచి దిగొచ్చి మన వంటింట్లో తిష్ఠ వేసిన మాట ఒకటుంది: విత్‌డ్రా. బడి గడప తొక్కని అవ్వలు కూడా తడుముకోకుండా అనేస్తారు. "పదైదో తేదీ వెయ్యి విత్‌డ్రా చేసినా" అంటుంది ఒకామె. "పాప పెండ్లికి పీఎఫ్ విత్‌డ్రా చేసేస్తిమి" అంటుంది ఇంకొకామె. "వాళ్ళ కోడలు కేసు విత్‌డ్రా చేసుకునిందంట", "ఆయమ్మ నామినేషన్ విత్‌డ్రా అయిపోయిందంట" అని కుళాయి దగ్గర చెప్పుకుంటాం.

ఈ మాటలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. వెనక్కి తీసుకో, వెనక్కి తగ్గు అని ఎక్కువసార్లు చెప్పించుకునేది ఆడవాళ్ళమే. ఉద్యోగంలోంచి, పోటీలోంచి, కోర్టులోంచి. వెనక్కి తగ్గడం తప్పని నేను అనను. తగ్గాల్సిన చోట తగ్గినవాళ్ళే నాలుగు కాలాలు నిలబడ్డారు. అయితే ప్రతి విత్‌డ్రాకీ ఒక గడువుంటుంది, ఒక వెల ఉంటుంది. ఆ రెండూ మనకు ముందుగా చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ నెల ముచ్చట దీనిమీదే పెట్టుకున్నాను.

ముందు పీఎఫ్ సంగతి. మన ప్రాంతంలో ఆడపిల్ల చేతికి నెలజీతం వచ్చిందంటే అది చాలామటుకు చెప్పుల కంపెనీ జీతమే. తెల్లారీ తెల్లారకముందే గుడియాత్తం, పేర్ణాంబట్టు పల్లెల్లోంచి కంపెనీ బస్సులు ఆంబూరు దారి పడతాయి. పద్దెనిమిదేళ్ళకు మిషన్ ముందు కూర్చున్న పిల్ల ఇరవై నాలుగేళ్ళకు పెళ్ళి కుదిరిందని మానేస్తుంది. మానేసిన మరునాడే ఇంట్లో లెక్కలు మొదలు. "పీఎఫ్ తీసేస్తే గొలుసుకు సరిపోతుంది." అమ్మ అంటుంది, మేనమామ అంటాడు, ఆ పిల్ల కూడా అదే అంటుంది. చిత్రం ఏమిటంటే 1952 నాటి పీఎఫ్ పథకంలో కూడా ఈ దారికి తలుపు తీసిపెట్టారు. ఉద్యోగం మానినవాళ్ళు మొత్తం సొమ్ము తీసుకోవాలంటే రెండు నెలలు ఆగాలని ఒక నియమం రాసి, పెళ్ళి కోసం రాజీనామా చేసే ఆడవాళ్ళు మాత్రం ఆగనక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. మేలు చేద్దామనే ఇచ్చి ఉంటారు. కానీ ఆలోచించుకోవడానికి దొరికే ఆ రెండు నెలలు కూడా మన పిల్లలకు లేకుండా పోయాయి.

ఇప్పుడు నెట్ సెంటర్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూడు. కంప్యూటర్‌లో నీ పీఎఫ్ యూఏఎన్ నంబరు కొడతారు. ఏం కావాలని అడిగే పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఫారం 31 అంటే అడ్వాన్సు. ఫారం 19 అంటే పీఎఫ్ మొత్తం. ఫారం 10సి అంటే పింఛను సొమ్ము. సెంటర్ అబ్బాయి 19 నొక్కుతాడు. అది అయ్యాక, "ఇదీ పెట్టేద్దాం అక్కా, ఇంకొంచెం వస్తుంది" అని 10సి కూడా నొక్కుతాడు. వాడి మీద నాకు కోపం లేదు, ఎక్కువ ఇప్పిద్దామనే అంటాడు. నీ ఫోనుకు ఓటీపీ వస్తుంది. చదివి చెప్తావు. అంతటితో నీ ముసలితనపు ఆదాయం ఒకటి చెరిగిపోతుంది.

ఎలాగంటావా? నీ జీతంలో 12 శాతం పట్టుకుంటారు, కంపెనీ ఇంకో 12 శాతం వేస్తుంది. కంపెనీ వాటాలోంచి 8.33 శాతం నీ పీఎఫ్‌లోకి రాదు, 1995 పింఛను పథకంలోకి పోతుంది. ఆ పథకంలో పదేళ్ళ సర్వీసు నిండితే 58 ఏళ్ళనుంచి బతికున్నన్నాళ్ళూ నెలనెలా పింఛను. ఆ పదేళ్ళు ఒకే కంపెనీలో, ఒకే విడతలో నిండక్కర్లేదు. ఇక్కడ ఆరేళ్ళు చేసి, పిల్లలు బడికి పోయేదాకా ఇంట్లో ఉండి, మళ్ళీ ఇంకోచోట అయిదేళ్ళు చేస్తే, ఆరూ అయిదూ పదకొండు అవుతుంది. చివరి అయిదేళ్ళ సగటు జీతం 12,000 అనుకో. దాన్ని పదకొండుతో గుణించి 70తో భాగిస్తే నెలకు 1,885 రూపాయలు. అదే మొదటి విడతలో 10సి పెట్టి సొమ్ము తీసేసుకుంటే ఆ ఆరేళ్ళు లెక్కలోంచి పోతాయి. మిగిలిన అయిదేళ్ళకు పింఛను రాదు. ఆ ఆరేళ్ళకు బదులుగా చేతికొచ్చేది సుమారు ఆరు నెలల జీతమంత.

పద్దెనిమిది వందలు ఏం మూలకని నువ్వు అనొచ్చు. నిజమే, చిన్న మొత్తమే. ఈ పథకంలో కనీస పింఛను 2014 సెప్టెంబర్ నుంచి 1,000 రూపాయలే, దాన్ని పెంచమని పింఛనుదార్లు అడుగుతూనే ఉన్నారు. అయినా అరవై దాటిన ఆడమనిషికి బీపీ మాత్రలు కొనుక్కోవడానికి కొడుకు ముందు చెయ్యి చాపనవసరం లేకుండా చేసే డబ్బు చిన్నదని నేను ఒప్పుకోను.

పెళ్ళి ఖర్చు నిజంగా తలమీదుంటే మరి? 19 పెట్టు, పీఎఫ్ తీసుకో, అది నీ కష్టార్జితం. 10సి దగ్గర మాత్రం సొమ్ము అడక్కుండా స్కీమ్ సర్టిఫికెట్ అడుగు. నువ్వు చేసిన సర్వీసంతా రాసి ఇచ్చే కాగితం అది. రేపు మళ్ళీ ఏ కంపెనీలో చేరినా పాత ఆరేళ్ళనూ తెచ్చి కొత్త సర్వీసుకు కలుపుతుంది. పెళ్ళి పత్రికతోపాటు బీరువాలో దాచుకోవాల్సిన కాగితం. బీడీలు చుట్టే అక్కలు కూడా మాకిది వర్తించదని అనుకోవద్దు. పీఎఫ్ పట్టే బీడీ కార్మికులందరికీ ఇదే లెక్క.

ఇంకో సంగతి. ఈ నిబంధనలు మారే దారిలో ఉన్నాయి. ఉద్యోగం పోయినవాళ్ళు పీఎఫ్ మొత్తం తీసుకోవడానికి ఆగాల్సిన రెండు నెలలను 12 నెలలకూ, పింఛను సొమ్ముకైతే 36 నెలలకూ పెంచాలని పీఎఫ్ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబర్‌లో నిర్ణయించింది. అందుకని నువ్వు అప్లై చేసే రోజున ఏది అమల్లో ఉందో వేలూరులోని పీఎఫ్ ఆఫీసులో నోరు తెరిచి అడుగు. పక్కింటి వదిన నాలుగేళ్ళ కిందట ఎలా తీసిందో నీకు పనికిరాదు.

ఇక పదైదో తేదీ వెయ్యి రూపాయలు. 2023 సెప్టెంబర్ 15న తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన మగళిర్ ఉరిమై తొగై, అంటే మహిళల హక్కు సొమ్ము అది. డబ్బు పడేది నీ ఖాతాలోనే. ఏటీఎం కార్డు ఎవరి చొక్కా జేబులో ఉంది? డబ్బు పడిందన్న మెసేజ్ ఎవరి ఫోనుకు వస్తోంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు నువ్వే కాకపోతే ఆ డబ్బు నీ దగ్గరికి సగం దూరమే వచ్చినట్టు. బ్యాంకుకు పోయి ఖాతాకు నీ నంబరే ఎక్కించుకో. ఊళ్ళోకి చిన్న మిషన్ పట్టుకొచ్చే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసేటప్పుడు, "పడలేదు, ఇంకోసారి పెట్టండి" అంటే వెంటనే వేలు పెట్టొద్దు. మొదటిసారి ఏమైందో స్లిప్పు చూపించమను. ఖాతాలో ఎంతుందో చూపించమను. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడితే నష్టపోయేది మనమే.

మన ఆడవాళ్ళకు డబ్బు దాచుకోవడం కొత్తేం కాదు. చీరల మడతల్లో, బియ్యం డబ్బాల్లో దాచేవాళ్ళం. 2016 నవంబర్ 8 రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు ఆ దాపరికాలన్నీ నడివీధిలోకి వచ్చాయి. 2023 మే 19న రిజర్వు బ్యాంకు రెండువేల నోటును వెనక్కి తీసుకుంటున్నామని చెప్పినప్పుడు మాత్రం మార్చుకోవడానికి నెలలకొద్దీ గడువిచ్చింది. రెండుసార్లూ తీసుకున్నది నోట్లనే. మనుషుల్ని ఏడిపించిందీ, ఏడిపించకుండా వదిలిందీ ఆ గడువే. నేను గడువు గడువు అని ఇంతగా చెప్పడం అందుకే.

నామినేషన్ దగ్గరకొద్దాం. తమిళనాడులో పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్ళవి. వేలూరు జిల్లాను మూడు ముక్కలు చేశాక మన పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు 2021 అక్టోబర్ 6న, 9న జరిగాయి. అప్పుడు గెలిచినవాళ్ళ అయిదేళ్ళు 2026లో నిండుతాయి. మళ్ళీ మన చెల్లెళ్ళు నామినేషన్ వేస్తారు. మళ్ళీ ఎవరో ఒకరు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటారు. "ఏకగ్రీవం చేసుకుందాం తల్లీ, ఊరి పరువు" అంటారు. మామగారికి నచ్చజెబుతారు. రాత్రికి ఇంట్లో అన్నం సయించదు. మరునాడు ఆ పిల్ల సంతకం పెట్టేసి వస్తుంది.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 37వ సెక్షన్ ఏం చెప్తుందో విను. గడువు తేదీన మధ్యాహ్నం 3 గంటలలోపు రాతపూర్వకంగా నోటీసిచ్చి అభ్యర్థి తప్పుకోవచ్చు. ఒకసారి ఆ నోటీసిచ్చాక మనసు మారినా రద్దు చేసుకోవడానికి వీల్లేదు. అదే సెక్షన్‌లో మనకు పనికొచ్చే ఇంకో మాట కూడా ఉంది. ఆ నోటీసు నిజమైనదేనా, తెచ్చిచ్చిన మనిషి ఎవరు అన్నది రిటర్నింగ్ అధికారికి నమ్మకం కుదరాలి. పంచాయతీ ఎన్నికల నియమాలు వేరుగా ఉన్నా వాపసుకు అక్కడా గడువుంటుంది. కాబట్టి ఆ రోజు గడియారంలో మూడు దాటేదాకా నీ మీద ఒత్తిడి ఉంటుందని ముందే తెలుసుకో. ఆ పూట అమ్మగారింట్లో ఉండు, స్వయం సహాయక సంఘం అక్కల మధ్య ఉండు. ఒంటరిగా మాత్రం ఉండొద్దు. తప్పుకోవాలని నీకే అనిపిస్తే తప్పుకో, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. వాళ్ళు తెచ్చిన కాగితం మీద, వాళ్ళు రాసిన మాటల కింద, వాళ్ళ ఎదుట సంతకం పెట్టొద్దు.

మనం తప్పుకోకపోయినా ఎన్నికే తప్పుకున్న రోజు కూడా మన నియోజకవర్గం చూసింది. 2019 ఏప్రిల్ 18న పోలింగ్ ఉందనగా రెండు రోజుల ముందు, డబ్బు పట్టుబడిందని, వేలూరు లోక్‌సభ ఎన్నికను రద్దు చేశారు. అదే రోజు జరగాల్సిన గుడియాత్తం, ఆంబూరు శాసనసభ ఉపఎన్నికలు మాత్రం జరిగాయి. లోక్‌సభకు ఆగస్టు 5న మళ్ళీ ఓటేశాం. 8,141 ఓట్ల తేడాతో గెలుపు తేలింది. అంత దగ్గర పోటీలో ఒక్కొక్క వీధి ఓట్లూ లెక్కలోకొచ్చాయి. అలాంటప్పుడు "నేనొక్కదాన్ని పోటీ చేస్తే ఎంత, చేయకపోతే ఎంత" అనుకోవడం మానాలి మనం.

తగ్గాల్సిన చోట తగ్గినవాళ్ళే నిలబడ్డారని మొదట్లో అన్నాను కదా. దానికి గుడియాత్తం కంటే మంచి చోటు లేదు. 1953లో రాజాజీ ప్రభుత్వం పల్లె బళ్ళలో ఒక పద్ధతి తెచ్చింది. పిల్లలు రోజుకు మూడు గంటలు బళ్ళో చదవాలి, మిగతా పొద్దు ఇంటి వృత్తి నేర్చుకోవాలి. కులవృత్తికే కట్టేస్తారా అని రాష్ట్రమంతా భగ్గుమంది. రాజాజీ దిగిపోయాడు. 1954 ఏప్రిల్ 13న కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన శాసనసభలోకి రావడానికి ఉపఎన్నికలో నిలబడింది మన గుడియాత్తంలోనే. ఆ ఏడాదే ఆ విద్యా పథకాన్ని వెనక్కి తీసుకున్నారు. మగ్గం చప్పుడు వినబడే ఈ వీధుల్లో, లుంగీలు నేసే ఇళ్ళలోని పిల్లలు ఇవాళ నర్సులుగా, టీచర్లుగా పొద్దున్నే బస్సెక్కుతుంటే నాకు ఆ నిర్ణయం గుర్తొస్తుంది. ప్రభుత్వం తప్పు దిద్దుకుని వెనక్కి తగ్గితే తరతరాలకు మేలు జరుగుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఆ కామరాజే 1963 అక్టోబర్ 2న పార్టీ పనికోసం ముఖ్యమంత్రి కుర్చీని తనంతట తాను వదిలేశాడు. ఎవరి ఒత్తిడికో కాదు, తర్వాత చేయాల్సిన పని చేతిలో పెట్టుకుని. నాకు నచ్చిన విత్‌డ్రా అది.

ఇప్పుడు కోర్టు. ఇక్కడ గొంతు తగ్గించి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో కొందరు నిన్న రాత్రి కూడా ఏడ్చి పడుకున్నవాళ్ళే ఉంటారు. "కేసు వాపసు తీసుకో, పిల్లల మొహం చూడు" అని పెద్దలంటారు. పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాశాక వేధింపుల కేసు నీ చేతి కాగితం కాదు, ప్రభుత్వం నడిపే కేసు. నువ్వు స్టేషన్‌కు పోయి వద్దన్నంత మాత్రాన ముగిసిపోదు. పక్కనున్న ఆంధ్రలో అత్తింటి వేధింపుల (అప్పటి 498ఎ) కేసులో రాజీకి కోర్టు అనుమతితో వీలు కల్పిస్తూ 2003లో సవరణ చేశారు. అయితే అడిగిన రోజునుంచి మూడు నెలలు ఆగాలని అందులోనే పెట్టారు. ఆ మూడు నెలలు నాకు చాలా నచ్చాయి. బెదిరించి తెచ్చిన ఆడది ఆలోగా గొంతు పెగల్చుకునే వీలుండేది.

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేవాళ్ళకు ఇంకో ధైర్యం ఉంది. హిందూ వివాహ చట్టం 13బి కింద మొదటిసారి కోర్టులో ఒప్పుకున్నాక మామూలుగా ఆరు నెలలు ఆగి రెండోసారి ఒప్పుకోవాలి. కోర్టు తగిన కేసుల్లో ఆ ఆరు నెలలను తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే డిక్రీ వచ్చేదాకా ఏ ఒక్కరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని 1991లో సురేష్ఠా దేవి కేసులో అదే కోర్టు తేల్చింది. "సంతకం పెట్టేశావు, ఇక నీకు మాట లేదు" అని ఎవరైనా అంటే నమ్మకు. భరణం సంగతి, నగల సంగతి తేలకుండా నీతో సరే అనిపించుకుని ఉంటే, డిక్రీకి ముందే జడ్జిగారికి చెప్పు.

ఒంటికి సంబంధించిన విత్‌డ్రాయల్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. టాస్మాక్ మద్యం దుకాణాల తాగుడు మాన్పించాలని భర్తనో తమ్ముణ్ణో గదిలో పెట్టి తాళం వేసే ఇళ్ళు ఉన్నాయి. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపితే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ కూడా రావొచ్చు. రెండో రోజో మూడో రోజో లేని మనుషులు కనబడుతున్నారని, గోడమీద ఏదో పాకుతోందని అరుస్తాడు. దెయ్యం పట్టిందని గుడికి తీసుకుపోవద్దు, అది ప్రాణం తీసే జబ్బు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపో. అడుక్కంపారై ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. బాగాయంలో సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం ఉంది. 1957లో ఫ్లోరెన్స్ నికల్స్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆ చోట, జబ్బుమనిషితోపాటు ఇంటివాళ్ళు కూడా ఉండి వైద్యంలో పాలుపంచుకునే పద్ధతి మొదటినుంచీ ఉంది. తాగుడు మాన్పించాలన్న నీ పట్టుదలకు నేను దణ్ణం పెడతాను, డాక్టరు చేతిలో మాన్పించు.

అలాగే మనుషుల్లోంచి తనను తాను వెనక్కి లాక్కునే చెల్లెలు ప్రతి వీధిలో ఒకరుంటారు. కుళాయి దగ్గరికి రాదు. గంగమ్మ శిరసు ఉత్సవానికి ఊరంతా కౌండిన్య నది గట్టుకు పోతే తను తలుపేసుకుని ఉంటుంది. పొగరని అనకండి. ఒక గిన్నెలో కూర పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చోండి. కూర్చున్నాక కూడా తేరుకోకపోతే 14416కి ఫోన్ చేయించండి, టెలి మానస్ అంటారు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

చివరిగా నీ దగ్గర ఒక మాట తీసుకుంటాను చెల్లీ. పీఎఫ్ అయినా, నామినేషన్ అయినా, కేసు అయినా, వెనక్కి తీసుకునే కాగితం నీ ముందు పెట్టి ఎవరైనా కలం చేతికిస్తే, "రేపు చెప్తాను" అను. ఆలోగా ఒక్కసారి 15100కి ఫోన్ చెయ్యి, న్యాయసేవల నంబరు అది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. వేలూరు జిల్లా కోర్టులోనూ, చిత్తూరు కోర్టులోనూ ఆ ఆఫీసు ఉంది.